వెనుక వరుసను తీర్చిన గురువు – సయ్యద్ అబ్దుల్ రహీం

తెలుగునేలపై పుట్టి లోకమున కీర్తి గడించిన పెద్దలను తలంచునపుడు మనము కవులను, గాయకులను, దేశభక్తులను స్మరింతుము. ఆ వరుసలో ఒక ఫుట్‌బాల్ శిక్షకుని పేరును గూడ చేర్చుట న్యాయము. ఆయనయే హైదరాబాదు నగరమునకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. వారు వృత్తిచే బడిపంతులు. వారి ఇంటి భాష ఉర్దూ యైనను, వారిని పెంచిన మట్టి మన పూర్వులను పెంచిన మట్టియే.

బంతిని గోలులోనికి కొట్టిన ఆటగాని పేరు అందరి నోట నుండును. వెనుక నిలిచి గోలును కాచు ఆటగాని పేరు ఓటమినాడు మాత్రమే జ్ఞప్తికి వచ్చును. ఆ వెనుకటివారి విలువను భారతదేశమునకు తెలియజెప్పినవారు రహీం గారు.

వారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బి.ఏ. పట్టము పొంది, అచట చదువుచున్న కాలమున జట్టులో ఆడిరి. పిమ్మట వ్యాయామ విద్యలో డిప్లొమా సంపాదించి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేసిరి. 1940ల నుండి తుదివరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా నుండి, ఆ నగరపు ఆటను క్రమపద్ధతిలో నడిపిరి.

పంతులుగారి బుద్ధి వారి శిక్షణయందును కనబడెడిది. పిల్లలు తమకు వాటముగాని కాలితోనే బంతిని ఆడవలెనను నియమముతో ఒక పోటీ నడపిరి. బంతిని తన కాళ్లవద్దనే త్రిప్పుకొనక వెంటనే తోటివానికి అందింపవలెనను నియమముతో వేరొక పోటీ నడపిరి. మొదటి దానివలన లోపము దిద్దుకొనుట అలవడును. రెండవ దానివలన అహంకారము తగ్గును.

1950లో వారు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచెను. 1950లో డ్యూరాండ్ కప్పును సైతము సాధించెను. ఆ జట్టులో బ్యాక్ స్థానమున అజీజుద్దీన్ గారు, హాఫ్‌బ్యాక్ స్థానమున నూర్ మహమ్మద్ గారు నిలిచిరి. వీరిరువురు భారత జట్టునకు గూడ ఆడి, 1952, 1956 సంవత్సరముల ఒలింపిక్ జట్లలో చోటు పొందిరి. హైదరాబాదు రాష్ట్ర జట్టు 1956, 1957 సంవత్సరములలో వరుసగా సంతోష్ ట్రోఫీని గెలిచినది గూడ ఆ కాలముననే.

భారత జట్టు శిక్షకులుగా రహీం గారు తొలి విజయమును త్వరగానే చూచిరి. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో భారతదేశము ఇరాన్‌ను 1-0 గోళ్లతో ఓడించి స్వర్ణ పతకము గైకొనెను. కాని మరుసటి సంవత్సరమే పరాభవము ఎదురయ్యెను. 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా జట్టు భారత జట్టును 10-1 గోళ్లతో చిత్తుచేసెను. మనవారిలో పలువురు బూట్లు లేక ఉత్త కాళ్లతో ఆడిరి. వెనుక ఇద్దరే బ్యాకులు నిలుచు పాత పద్ధతి ప్రత్యర్థుల వేగమునకు తాళజాలకపోయెను.

ఆ దెబ్బకు రహీం గారు క్రుంగిపోలేదు. చదువురాని పిల్లవానిని తిట్టక పాఠమును మార్చిచెప్పు పంతులవలె, లోపమెచ్చటనో వెదకి దిద్దిరి. ఉత్తకాళ్ల ఆటకు స్వస్తి కలిగెను. వెనుక మూడవ బ్యాకును నిలుపు పద్ధతిని జట్టునకు అలవరచిరి. కాచువాడు ఒంటరిగా పోరాడరాదనియు, ఒకడు ముందుకు పోయినచో వాని చోటును మరొకడు పూరింపవలెననియు నేర్పిరి.

దాని ఫలము 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో కనబడెను. భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2 గోళ్లతో గెలిచెను. ఆ ఆటలో నెవిల్ డిసౌజా గారు మూడు గోళ్లు చేసిరి. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశము మనదే. అచట మరల యుగోస్లావియాయే ఎదురయ్యెను. మొదటి గోలు మనవారే చేసినను, తుదకు 4-1తో ఓడిరి. నాలుగేండ్ల క్రిందట పది గోళ్లు చేసిన జట్టు ఈసారి నాలుగింటితో సరిపెట్టుకొనెను. ఓటమిలోనైనను ఎంత దూరము నడిచితిమో ఈ లెక్కయే చెప్పును. 1960 రోమ్ క్రీడలలో భారత జట్టు ఫ్రాన్సుతో 1-1తో సమానముగా నిలిచెను.

రహీం గారి చివరి పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరు వారి దేహమును తినుచుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి కలిగెను. థాయిలాండుపై గెలిచిన ఆటలో వెనుక వరుసకు ప్రాణమువంటి జర్నైల్ సింగ్ గారి తల పగిలి కుట్లు పడెను. ఇతర శిక్షకుడైనచో ఆయనను విశ్రాంతికి పంపియుండును. రహీం గారు వెనుక కాచు బాధ్యతను అరుణ్ ఘోష్ గారికి అప్పగించి, గాయపడిన ఆ రక్షకుని ముందువరుసకు తెచ్చి సెంటర్ ఫార్వర్డుగా నిలిపిరి.

సెప్టెంబరు 4వ తేదీన ఫైనలు. ప్రత్యర్థి ఆ దక్షిణ కొరియాయే. ఇజ్రాయెల్, తైవాన్ దేశములను ఆ క్రీడలకు రానీయకపోవుటపై భారత ప్రతినిధి గురుదత్ సోంధి గారు ఆక్షేపణ తెలుపుటచే, ప్రేక్షకులు భారతీయులపై ఆగ్రహించియుండిరి. ఆ కేకల నడుమ పి.కె. బెనర్జీ గారు తొలి గోలు చేసిరి. రెండవ గోలు చేసినవారు తలకు కుట్లున్న జర్నైల్ సింగ్ గారే. గోలును కాచినవారు హైదరాబాదున పుట్టిన పీటర్ తంగరాజ్ గారు. భారతదేశము 2-1తో గెలిచెను. హిందువు, ముస్లిము, సిక్కు, క్రైస్తవుడు అను భేదము లేక అందరు ఒక్క గురువు మాటపై నిలిచిన దినమది.

ఆ తరువాత పూర్తిగా ఏడాది గడువకమునుపే, 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన రహీం గారు కన్నుమూసిరి. వారి వయస్సు అప్పటికి యాబదిమూడు సంవత్సరములు. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము భారతదేశమునకు మరల దక్కలేదు. 1960 తరువాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన జట్టు కాలు మోపలేదు. వారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం గారు రోమ్ ఒలింపిక్ జట్టు సభ్యులై, పిదప అంతర్జాతీయ రిఫరీగా పేరు గాంచి, 2021లో గతించిరి. రహీం గారి జీవితము ఆధారముగా 2024లో ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వెలువడెను. అరువది ఏండ్ల మరపు పిమ్మట పలువురు వారి పేరు విన్నది అప్పుడే.

తోటలలో పగలంతయు శ్రమించి, సాయంకాలము బంతి ఆడి అలసట మరచిన తాతముత్తాతల సంతతి మనది. నేడు ప్లెయిన్స్‌బరోలో పచ్చిక మైదానములలో మన బాలబాలికలు అదే ఆట ఆడుచున్నారు. వారిలో అందరును గోలు చేయువారే కావలెనని కోరుదురు. వెనుక నిలువుమని చెప్పినచో చిన్నబుచ్చుకొందురు. అట్టి బిడ్డలకు రహీం గారి కథ చెప్పవలెను. ఫలమును ఆశింపక తన చోట తాను నిలుచుట మన పెద్దలు బోధించిన ధర్మము. ఆ ధర్మమును ఒక బడిపంతులు ఆటలో ఆచరించి చూపెను. వెనుక నిలుచుట చిన్నతనము కాదు. అవసరము వచ్చినపుడు వెనుకనున్నవాడే ముందుకు వచ్చి జట్టును గెలిపించును.