ఎవరివాడు జాషువా?

గుర్రం జాషువాగారిని తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది పద్యం కాదు, ఒక ప్రశ్న. నువ్వెవరి వాడివి అని లోకం ఆయన్ని జీవితాంతం అడుగుతూనే వుంది. హాస్టల్లో కొత్తగా చేరిన కుర్రవాణ్ణి వూరూ యింటిపేరూ అంటూ మనం డొంకతిరుగుడుగా అడిగేదీ అదే కదా!

1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారాయన. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, యింట్లో క్రైస్తవ మతం. బడిలో తోటిపిల్లల చేతా పంతుళ్ళ చేతా అవమానాలు పడ్డారు. పెద్దయ్యాక వినుకొండ అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి ఎందుకు రానిచ్చారని కొందరు లేచారు. సరే, చర్చి అయినా అక్కున చేర్చుకుందా? హిందూ కథలమీద కవిత్వం రాస్తున్నాడని అటువాళ్ళూ వెలివేశారు. రెండు గుమ్మాలూ మూసుకున్నాయి.

అయితే అదే వూళ్ళో యిద్దరు ఆయన్ని ఆ ప్రశ్న అడగలేదు. సహాధ్యాయి దీపాల పిచ్చయ్యశాస్త్రి జంటకవులుగా పద్యాలు చెబుదామని జతకట్టాడు. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు కాళిదాసు కావ్యాలు చెప్పారు. ఆ చదువు వూరికే పోలేదు.

పొట్టకూటికి ఆయన చెయ్యని పని లేదు. చిన్నబడి పంతులుగిరీ, రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చదివి వినిపించడం, గుంటూరులో తెలుగు పండితుడి వుద్యోగం, మద్రాసు రేడియోలో కొలువు. ఆ మధ్యలోనే 1932లో ఫిరదౌసి వచ్చింది. ఆయన శ్మశాన పద్యాలు హరిశ్చంద్ర నాటకంలోకి ఎక్కాయి. రాసినవాడి కులం అడక్కుండానే జనం వన్స్‌మోర్ కొట్టారు.

1941లో గబ్బిలం. కాళిదాసు యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురంపాడు. జాషువాగారి కథానాయకుడు ఆకలిగొన్న అరుంధతీయుడు, అతని కబురు కాశీలోని శివుడికి. తాను గుడి గడప దాటలేడు, గబ్బిలానికి అడ్డులేదు. నేర్చిన కావ్యాన్నే తన బాధకు పనిముట్టు చేసుకున్న తీరు చూడండి!

చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు స్వయంగా గండపెండేరం తొడిగారు. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్. మరుసటి యేడే, 1971 జులై 24న కన్నుమూశారు. కూతురు హేమలత 1960లో నాస్తికుడైన గోరాగారి కొడుకు లవణంగార్ని పెళ్ళాడింది.

ప్రతిభ వుంటే గుర్తింపు తనంతట తనే వస్తుందని కొందరంటారు. నాకీ మాట మింగుడుపడదు. అకాడమీ బహుమతి వచ్చేసరికి ఆయనకు అరవై తొమ్మిదేళ్ళు. వినుకొండ కుర్రాణ్ణి అంతదాకా నిలబెట్టినవాటిలో ఒక స్నేహితుడూ, ఒక గురువూ వున్నారు. బిరుదులివ్వడం మన చేతిలో లేదు. మెస్సులో పక్కన కూర్చోవడం, నోట్సు పంచుకోవడం మాత్రం మన చేతిలోనే వున్నాయి.