డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మన డెల్టా ప్రాంతములో బోదకాలు అనిన తెలియని వారుండరు. కృష్ణా, గోదావరి కాలువల వెంబడి దోమల వలన వ్యాపించు ఈ వ్యాధి నివారణకై ప్రభుత్వము వారు ఇంటింటికి పంచిన మాత్రలను మన సంఘములలో అనేకులు మ్రింగియున్నారు. 1947లో హెట్రజాన్ అను పేరుతో ఆ మందును లోకమునకిచ్చిన పరిశోధక బృందమునకు నాయకుడు మన భీమవరములో పుట్టినవాడని ఎందరికి తెలియును? ఆ ప్రయోగశాల నుండియే వెళ్లిన మరియొక మందుతో పసిపిల్లల రక్త కేన్సరు మొట్టమొదటిసారిగా వెనుకంజ వేసెను. మన మిషనెరీలను గూర్చియు, వారు కట్టించిన ఆసుపత్రులను గూర్చియు వ్రాయు సోదరులు పలువురున్నారు గనుక, మేము సుబ్బారావుగారిని గూర్చి వ్రాయ తలంచితిమి. ఆయన క్రైస్తవుడు కాడు. అయినను పిల్లల వైద్యమును గూర్చి మాటలాడునప్పుడు ఆయనను విడిచిపెట్టుట న్యాయము కాదని మా అభిప్రాయము.

ఆయన 1895 జనవరి 12న జగన్నాథముగారికిని వెంకమ్మగారికిని జన్మించెను. ఇంటిలో బీదరికము. మెట్రిక్యులేషను పరీక్ష మూడవ ప్రయత్నమున గాని గట్టెక్కలేదు. (పరీక్ష తప్పిన పిల్లలను ఇంటిలో నిలువనీయని తలిదండ్రులు ఈ మాటను గమనింతురు గాక.) రామకృష్ణ మఠములో చేరి సన్యసించవలెనని కోరెను గాని తల్లి ఒప్పుకొనలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఉన్నప్పుడు గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించెను. అది శస్త్రచికిత్స ఆచార్యునికి కిట్టలేదు. కాబట్టి ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. స్ప్రూ అను జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొనెను. ఆ వ్యాధికి మందు కనుగొనవలెనను పట్టుదల అప్పటినుండి ఆయనను విడువలేదు.

అమెరికా వెళ్లుటకు చేతిలో కాసు లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వారును, మామగారును సహాయము చేసిరి. బర్మా దేశములో గడించిన ధనమును స్వజనుల మేలుకై విడిచిపోయిన ఒక దాత ద్రవ్యము ఆ విధముగా ఈ యువకుని ఓడ ఎక్కించెను. 1922లో ఆయన బోస్టను నగరము చేరెను. మూడేండ్లలో తిరిగి వచ్చుననుకొన్న భర్తను శేషగిరిగారు మరల చూడలేదు. పుట్టిన కుమారుడు తండ్రిని చూడకయే శైశవమందు మరణించెను. ఇట్టివానిని జీవితచరిత్రలలో త్యాగమని ఒక్క మాటతో దాటివేయుదురు. ఆ త్యాగములో ఎక్కువ పాలు ఎవరిదో పాఠకులే ఆలోచింతురు గాక.

హార్వర్డులో పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగు కూలి. ఫిస్కే అను ఆచార్యునితో కలిసి 1925లో రక్తములోని భాస్వరమును కొలుచు విధానమును ప్రకటించెను. తరువాత కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. అను పదార్థములను కనుగొనుటలో పాలుపొందెను. అయినను అక్కడ స్థిరమైన ఆచార్య పదవి దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ ప్రయోగశాలలో చేరెను.

అక్కడ ఆయన బృందము ఫోలిక్ ఆమ్లము అను విటమినును వేరుపరచి, 1945 నాటికి కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను చంపిన స్ప్రూ వ్యాధికి అది పనిచేసెను. కథ అక్కడితో ముగిసినను గొప్పదే.

బోస్టను పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడుండెను. శవపరీక్షలు చేయుట ఆయన వృత్తి. లుకేమియా, అనగా రక్త కేన్సరు సోకిన పిల్లలు కొలది వారములలోనో నెలలలోనో ఆయన బల్లమీదికి వచ్చుచుండిరి. ఈ వ్యాధిలో ఎముకల మూలుగలో పుట్టు తెల్లకణములు పక్వము కాక విపరీతముగా పెరిగిపోవును. ఫార్బరు ఫోలిక్ ఆమ్లపు జాతి మందులను ప్రయోగించి చూడగా వ్యాధి తగ్గుటకు మారుగా వేగము పుంజుకొన్నట్లు కనబడెను. భయంకరమైన ఫలితమే. కాని ఫార్బరు దానినుండియే త్రోవ కనుగొనెను. ఈ విటమిను కేన్సరు కణములకు ఆహారమైన యెడల, దానిని అడ్డగించునది వాటిని మాడ్చవలెను గదా! సుబ్బారావుగారి బృందము అట్టి విరోధి పదార్థములను తయారుచేసి పంపెను. తాళములో సరిపడని మారుచెవి ఇరుక్కొని అసలు చెవిని లోపలికి రానీయనట్లు, అమినోప్టెరిన్ అను మందు ఫోలిక్ ఆమ్లము చేయు పనిని అడ్డగించును. 1947 డిసెంబరులో దానిని మొదట ఒక పసివానికిచ్చిరి. 1948 జూనులో ప్రకటించిన వ్యాసములో, 16 మంది పిల్లలలో 10 మందికి మేలు కలిగెనని ఫార్బరు తెలిపెను. ఆ మేలు కొలది నెలలే నిలిచెను. వ్యాధి తిరుగబెట్టి పిల్లలు మరణించిరి. కాని తగ్గనే తగ్గదనుకొన్నది ఒకసారి తగ్గెను!

పరిశోధనకు ధనము కావలెను. 1948 మే 22న ఒక రేడియో కార్యక్రమములో, ఉదర కేన్సరుతో బోస్టనులో మంచము మీదనున్న జిమ్మీ అను బాలుని మాటలు వినిపించిరి. జిమ్మీ అనునది మారుపేరు. బేస్‌బాల్ ఆటగాండ్రు అతని మంచము చుట్టు నిలిచిరి. ఆటలు చూచుటకు ఆ బాలునికి టెలివిజను పెట్టె కావలెనని చెప్పగా, జనులు చిల్లర నాణెములు సహితము పంపిరి. ఆ యేడు 2,31,000 డాలర్లకు పైగా సమకూడెను. ఆ నిధితో పిల్లల కేన్సరుకు ప్రత్యేక భవనము లేచెను. ఆ బాలుడు బ్రదికి, ముదుసలియై, 2001లో మరణించెను. ఇట్టిదే మరియొకటి, డానీ థామస్ అను నటుడు పూనుకొనగా 1962లో మెంఫిస్ నగరమున తెరువబడిన సెయింట్ జూడ్ ఆసుపత్రి. అక్కడ తలిదండ్రులను వైద్యమునకు పైకము అడుగరు. పలు మందులను కలిపి ఇచ్చు అక్కడి పద్ధతి వలన 1970 ప్రాంతమునకు రక్త కేన్సరు సోకిన పిల్లలలో సుమారు సగము మంది బ్రదుకసాగిరి. ఆ మందులలో ఒకటి అమినోప్టెరినుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్.

నేడు విజయవాడలోను ఈ వ్యాధిగల పిల్లలకు అదే మెథోట్రెక్సేట్ ఇచ్చుచున్నారు. వైద్యము రెండు మూడేండ్లు పట్టును. ఆసుపత్రులలో రోగులను దర్శించు మాబోటివారికి ఒక సంగతి తెలియును. మందు దొరికినను, బస్సు ఛార్జీలకును, పట్టణములో బసకును, పోయిన కూలికిని గతిలేక, బిడ్డ కొంచెము తేరుకొనగానే వైద్యము మధ్యలో మానిపించి ఊరికి తీసికొనిపోవు తలిదండ్రులున్నారు. సత్యలింగ నాయకర్ ధర్మము వంటిది అక్కరలేని కాలము ఇంకను రాలేదు.

ఫార్బరు వ్యాసము వెలువడిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు. ఆ మందు వలన బ్రదికి పెద్దవారైన పిల్లలను ఆయన చూడలేదు. 1995లో, ఆయన పుట్టిన నూరేండ్లకు, భారత తపాలా శాఖ వారు ఆయన బొమ్మతో ఒక బిళ్లను ముద్రించిరి.