సముద్రం అవతల పుట్టించిన ఓటర్లు: ఛేదీ జగన్ జీవితం

హనుమాన్ జంక్షన్‌లో ఎన్నికలూ మామిడి కోతలూ ఒకే కాలంలో వస్తున్నాయి. 2019లో ఏప్రిల్ 11న, 2024లో మే 13న పోలింగ్ జరిగింది. నూజివీడు రోడ్డు మీదుగా కాయల లోడ్లు దిగే రోజులవి. 2024లో అమెరికా నుంచి విమానాలెక్కి వచ్చి ఓటేసి వెళ్లినవాళ్లు ఉన్నారు. కువైట్‌లో ఇంటిపనికి పోయిన మన వాడల ఆడవాళ్లకు ఆ వీలు ఎక్కడిది? టికెట్టుకు డబ్బుండదు, సెలవు దొరకదు. కొందరి పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది.

వలసల మీద పని చేస్తున్న మమ్మల్ని ఒక ప్రశ్న వెంటాడుతోంది. సముద్రం దాటినవాళ్ల ఓటు చివరికి ఎవరికి బలమవుతుంది? జవాబు వెతుకుతూ పోయి ఒక జీవితం దగ్గర ఆగాం. అది దక్షిణ అమెరికాలోని గయానాలో పుట్టిన చెరకు కూలీల బిడ్డ ఛేదీ జగన్ జీవితం.

తోటల బిడ్డ

బానిసత్వం రద్దయ్యాక బ్రిటిష్ దొరలకు చెరకు తోటల్లో చాకిరీకి మనుషులు కావలసి వచ్చారు. 1838 నుంచి 1917 వరకు సుమారు 2 లక్షల 39 వేల మంది భారతీయులను ఒప్పంద కూలీలుగా బ్రిటిష్ గయానాకు తరలించారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లారు. మద్రాసు రేవు నుంచి వెళ్లిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగు కూలీలూ ఉన్నారు. వాళ్లు తీసుకుపోయిన మారెమ్మ కొలుపు అక్కడ నేటికీ బతికే ఉంది.

జగన్ తల్లిదండ్రులు పసిపిల్లలుగా ఉన్నప్పుడే ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ జిల్లా నుంచి ఆ గడ్డకు చేరారు. కుర్మీ కులస్తులు. జగన్ దళితుడు కాడు, ఆ మాట ముందే చెప్పాలి. కానీ అతను పుట్టింది తోట యజమాని దయ మీద నడిచే కూలీ లైన్ల లోకంలోనే. 1918 మార్చి 22న పోర్ట్ మొరాంట్ తోటలో పుట్టాడు. అమెరికా వెళ్లి హోవర్డ్ విశ్వవిద్యాలయంలో, తర్వాత నార్త్‌వెస్టర్న్‌లో చదివి దంతవైద్యుడయ్యాడు. హోవర్డ్ నల్లజాతి విద్యార్థుల చదువుల కేంద్రం. జాతి వివక్ష ఎలా ఉంటుందో అమెరికాలో కళ్లారా చూశాడు. 1943లో జానెట్ రోజెన్‌బర్గ్‌ను పెళ్లి చేసుకుని తిరిగి వచ్చాడు.

1947లో 29 ఏళ్ల వయసులో శాసనమండలికి ఎన్నికయ్యాడు. 1948 జూన్ 16న ఎన్మోర్ తోటలో సమ్మె కూలీలపై పోలీసులు కాల్పులు జరిపారు. ఐదుగురు చనిపోయారు. అక్కడి నుంచి జగన్ రాజకీయం వెనుదిరగలేదు. 1950లో నల్లజాతి న్యాయవాది ఫోర్బ్స్ బర్నమ్‌తో కలిసి పీపుల్స్ ప్రోగ్రెసివ్ పార్టీ స్థాపించాడు. బానిసల వారసులూ కూలీల వారసులూ ఒకే జెండా కిందికి వచ్చారు. 1953లో అందరికీ ఓటు హక్కుతో జరిగిన తొలి ఎన్నికల్లో ఆ పార్టీ 24 స్థానాలకు 18 గెలిచింది. 133 రోజులకే బ్రిటన్ సైన్యాన్ని దింపి రాజ్యాంగాన్ని సస్పెండ్ చేసింది. మరుసటి ఏడాది జగన్ జైలు పాలయ్యాడు.

చీలిక

1955లో బర్నమ్ విడిపోయాడు. పార్టీలు రెండయ్యాయి, జనం కూడా జాతుల వారీగా రెండయ్యారు. జగన్ 1957లో, 1961లో గెలిచాడు. కానీ ఆ గెలుపు ఎక్కువగా భారతీయ మూలాలవారి ఓట్లదే. ఆ గోడను అతను బద్దలు కొట్టలేకపోయాడు. అతని పార్టీ దాన్ని ఓట్లకు వాడుకున్న సందర్భాలూ ఉన్నాయి. అమెరికాకు మరో క్యూబా భయం పట్టుకుంది. 1963లో 80 రోజుల సమ్మెకు అమెరికా సొమ్ము అందింది. 1964 అల్లర్లలో 170 మందికి పైగా చనిపోయారు. బ్రిటన్ ఎన్నికల పద్ధతినే మార్చేసింది. 1964 డిసెంబర్‌లో జగన్ పార్టీకి అందరికంటే ఎక్కువగా 24 స్థానాలు వచ్చినా, మరో పార్టీ మద్దతుతో బర్నమ్ ప్రధాని అయ్యాడు. 1966లో గయానాకు స్వాతంత్ర్యం వచ్చింది.

లేని ఊళ్లు, లేని మనుషులు

బర్నమ్ ఎన్నికలను రద్దు చేయలేదు. ఓటర్లను తయారు చేసుకున్నాడు. 1968 ఎన్నికలకు ముందు విదేశాల్లో ఉన్న గయానీయులకు ఓటు హక్కు ఇస్తూ చట్టం తెచ్చాడు. వినడానికి న్యాయంగానే ఉంది. బతుకుతెరువుకు పోయినవాడు పౌరుడు కాకుండా పోతాడా? కానీ ఆ జాబితాలను తయారుచేసింది అధికారంలో ఉన్నవాళ్లు. గ్రెనడా టెలివిజన్ బృందం బ్రిటన్‌లోని చిరునామాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. తనిఖీ చేసిన పేర్లలో నాలుగో వంతు కూడా నికరంగా తేలలేదు. మాంచెస్టర్‌లో ఒక చిరునామాకు వెళితే ఇల్లే లేదు, ఖాళీ స్థలంలో గుర్రాలు మేస్తున్నాయి. విదేశాల నుంచి 36 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. పదింట తొమ్మిదికి పైగా బర్నమ్ పార్టీకే. దేశం లోపల ఒకరి ఓటు మరొకరు వేసే ప్రాక్సీ పద్ధతి విచ్చలవిడిగా నడిచింది. బర్నమ్‌కు 53లో 30 స్థానాలు దక్కాయి.

1973లో బ్యాలెట్ పెట్టెలను సైన్యం తీసుకుపోయింది. పెట్టెలకు కాపలా కాసిన పల్లె జనంపై కాల్పులు జరిగి, జగన్ పార్టీ మద్దతుదారులు ఇద్దరు చనిపోయారు. చెరకు నరికే చేతి ఓటు లెక్కలోంచి పోయింది. మాంచెస్టర్ ఖాళీ స్థలం ఓటు లెక్కలోకి వచ్చింది.

జగన్ 28 ఏళ్లు ప్రతిపక్షంలో ఉన్నాడు. తప్పులూ చేశాడు. 1975లో బర్నమ్‌కు విమర్శనాత్మక మద్దతు ప్రకటించి సొంత కార్యకర్తలనే గందరగోళపరిచాడు. బర్నమ్ పాలన భరించలేక వేలమంది నిజంగానే న్యూయార్క్, టొరంటో, లండన్ వెళ్లిపోయారు. దేశంలో గోధుమపిండి దిగుమతిపై నిషేధం ఉన్న రోజుల్లో ఇంటికి సరుకులు పంపారు. పరాయి రాజధానుల్లో స్వేచ్ఛాయుత ఎన్నికల కోసం ఒత్తిడి తెచ్చారు. దొంగ ప్రవాసుల పేర్లు నియంతను నిలబెడితే, నిజమైన ప్రవాసులు అతను వదిలిపోయిన వ్యవస్థను కదిలించారు.

బర్నమ్ 1985లో చనిపోయాడు. 1990లో జిమ్మీ కార్టర్ మధ్యవర్తిత్వంతో కొత్త ఓటర్ల జాబితాకూ, పోలింగ్ జరిగిన చోటే లెక్కింపుకూ ప్రభుత్వం ఒప్పుకుంది. 1992 అక్టోబర్ 5న జగన్ గెలిచి, 74 ఏళ్ల వయసులో అధ్యక్షుడయ్యాడు. 1997 మార్చి 6న కన్నుమూశాడు.

మన జాబితా సంగతి

మన దేశంలో 2010 చట్ట సవరణతో ప్రవాస భారతీయులు ఫారం 6ఏ ద్వారా ఓటర్లుగా నమోదు కావచ్చు. కానీ స్వయంగా వచ్చి ఓటేయాలి. వాళ్లకు ప్రాక్సీ ఓటు ఇచ్చే బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ దాటకుండానే 2019లో అది మురిగిపోయింది. అలాంటి ప్రతిపాదన మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడు మనం ఏమనాలి?

ప్రవాసుల ఓటు వద్దు అనలేం. కువైట్ వంటింట్లో ఉన్న మన అక్కకూ ఆ హక్కు కావాలి. ఆమె ఓటును ఇంకొకరి చేతిలో పెట్టే పద్ధతిని మాత్రం ఒప్పుకోకూడదు. ఊళ్లో పొలం, అప్పు, పని ఎవరి చేతిలో ఉంటాయో ఆమె ఓటూ వాళ్ల చేతికే పోతుంది. విదేశీ ఓటర్ల జాబితాను ఎవరైనా చిరునామాతో సహా సరిచూసుకునే వీలుండాలి. గల్ఫ్ కార్మికురాలు యజమాని అనుమతి లేకుండా ఓటేసే దారి ఉండాలి.

అంతవరకూ చేతిలో ఉన్న పని చేద్దాం. మామిడి కోతలకు వేరే మండలాలకు పోయే కూలీల పేర్లు ముసాయిదా జాబితాలో ఉన్నాయో లేదో వాడలోనే గట్టిగా చదివించుకుందాం. పోలింగ్ ముగిశాక ఎన్ని ఓట్లు పడ్డాయో చెప్పే ఫారం 17సి నకలు తీసుకోకుండా మన ఏజెంటు బూత్ వదలకూడదు. గయానా జనం ఈ రెండిటి కోసమే, సరైన జాబితా కోసం, కళ్లముందు లెక్క కోసం, 28 ఏళ్లు కొట్లాడారు.