పగ్గాలు ఎవరి చేతిలో?

ప్రతిభ గురించి మన దేశంలో వాదం చెలరేగినప్పుడల్లా నాకు జేక్ గైథర్ గుర్తుకొస్తారు. 1903లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఒక నల్లజాతి మతబోధకుడి ఇంట పుట్టిన ఆయన, 1945 నుంచి 1969 వరకు ఫ్లోరిడా ఏ అండ్ ఎం అనే నల్లజాతి విశ్వవిద్యాలయానికి అమెరికన్ ఫుట్‌బాల్ శిక్షకుడు. 203 విజయాలు, 36 ఓటములు, 4 డ్రాలు. అంతటి విజయ శాతం సాధించిన శిక్షకులు ఆ దేశ చరిత్రలోనే బహు కొద్దిమంది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో నూరు మీటర్ల స్వర్ణం గెలిచిన బాబ్ హేస్ ఆయన జట్టువాడే.

అయినా దక్షిణాది తెల్లజాతి విశ్వవిద్యాలయాలతో తలపడే అవకాశం ఆ జట్టుకు లేదు. వారుండే టాలహాసీలోనే మరో ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉంది. ఒకే పట్టణం, ఒకే ఖజానా. మైదానాలు మాత్రం వేరు. ఊరు, వాడ ఎరిగిన మనకు ఈ ఏర్పాటును విడమరచి చెప్పనక్కరలేదు. నల్లవారి ఆటను తక్కువగా చూసిన వ్యవస్థే, ఎవరి సత్తా ఎంతో తేల్చే పోటీకి తలుపులు మూసింది.

గైథర్ వీధి పోరాటాల మనిషి కాదు. సంప్రదింపులే ఆయన మార్గం. ఆ నెమ్మది నాటి యువ ఉద్యమకారులకు రుచించలేదు. వారి అసహనం న్యాయమైనదేనని నా అభిప్రాయం. కానీ ఆయన పట్టు వదలలేదు. అధికారులను ఒప్పించి, 1969 నవంబరులో ప్రధానంగా తెల్లజాతిదైన టాంపా విశ్వవిద్యాలయంతో జట్టును ఆడించి, 34–28తో గెలిపించారు. దక్షిణాదిలో అటువంటి పోటీ అదే మొదటిది. ఆ ఏడాదితోనే శిక్షక బాధ్యత నుంచి తప్పుకున్నారు.

తరువాతి కథే మనకు అసలు పాఠం. తెల్లజాతి విశ్వవిద్యాలయాలు నల్లజాతి ఆటగాళ్లను పోటీపడి చేర్చుకున్నాయి. నల్లజాతి కళాశాలలు మేటి క్రీడాకారులను కోల్పోయాయి. శిక్షకులకు మాత్రం ఆ పిలుపు రాలేదు. గైథర్ 1994లో కన్నుమూసే నాటికి, దక్షిణాది అగ్రశ్రేణి జట్లున్న ఆగ్నేయ సమాఖ్యలో ఒక్క నల్లజాతి ప్రధాన శిక్షకుడూ లేడు. తొలి నియామకం 2003 చివరలో గానీ జరగలేదు.

కండబలాన్ని స్వీకరించినంత సులువుగా ఏ ఆధిపత్యమూ పగ్గాలు అప్పగించదు. ప్రవేశాల లెక్కలు చూసి సమానత్వం వచ్చిందనుకునేవారు, ఎంపిక సంఘాల్లో, ఆచార్య పదవుల్లో, న్యాయపీఠాలపై ఎవరున్నారో కూడా లెక్కించాలి. ప్రతిభను కొలిచే కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది ప్రతిభ ఎంతన్న ప్రశ్నకు ముందు రావలసిన ప్రశ్న.