రామదాసు గారి చిలుక

ఈసారి గోడపత్రికకి నేను భక్త రామదాసు గారి గురించి రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. 17వ శతాబ్దంలో ఖమ్మం దగ్గర నేలకొండపల్లిలో పుట్టారు. మేనమామలు అక్కన్న, మాదన్న గోల్కొండ సుల్తాను తానీషా దగ్గర పెద్ద ఉద్యోగాలు చేసేవారు. తానీషా 1672 నుంచి 1687 దాకా పాలించాడు. గోపన్న గారు పాల్వంచ తహసీల్దారు అయ్యారు. పన్ను వసూలు చేసి గోల్కొండకి పంపడం ఆయన పని.

భద్రాచలం కొండ మీద రాముడి విగ్రహాలు మొదట పోకల దమ్మక్కకి దొరికాయంటారు. ఆమె మనలాగే అడవి బిడ్డ. తాటాకు పందిరి వేసి, తాటిపండు పెట్టి పూజ చేసేదట. గోపన్న గారు అక్కడ గుడి కట్టించారు, దేవుడికి నగలు చేయించారు. కానీ వాడింది సర్కారు డబ్బు. సుల్తాను ఆయన్ని గోల్కొండ కోటలో ఖైదు చేయించాడు. పన్నెండేళ్ళు ఉన్నారంటారు. ఆ గది ఇప్పటికీ చూపిస్తారు. చివరికి రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు కట్టి, రసీదు తీసుకున్నారని కథ. చూడండి, రాముడు కూడా బాకీ మాఫీ చేయమనలేదు, కట్టాడు.

అంత భక్తుడికి చెర ఎందుకంటే, పోయిన జన్మలో ఒక చిలుకని పన్నెండు రోజులు పంజరంలో పెట్టారట. ఈ కథ మా అమ్మమ్మ చెప్పింది.

సంక్రాంతి సెలవుల్లో మా అమ్మతో దాళ్వా నాట్లకి గణపవరం వైపు వెళ్ళాను. బజారులో ఒక కొట్లో చిల్లర 50 రూపాయలు ఎక్కువ ఇచ్చారు. చెప్పకుండా దాచుకున్నాను. రాత్రి చిలుక గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్ళి ఇచ్చేశాను. నిజం చెబుతున్నాను, భయంతోనే ఇచ్చాను. అప్పటికే లెక్క తగ్గిందని కొట్లో పనిచేసే పిల్లాడికి తిట్లు పడ్డాయట. వాడి మొహం చూశాక, చిలుక కథ లేకపోయినా ఇవ్వాల్సిందే అనిపించింది.

ఆ రోజే గట్టు మీద ఒకాయన మమ్మల్ని చూసి, ఈ కూలి బతుకు మా పూర్వజన్మ కర్మ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మా అమ్మ ఏ చిలుకని బంధించింది?

అందుకని నేను ఒకటి నేర్చుకున్నాను. కర్మ అనే మాట నా చేతులు నేను చూసుకోవడానికే. ఎదుటివాళ్ళ కష్టానికి పేరు పెట్టడానికి కాదు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని