పొగగొట్టపు బలమును కనుగొనిన ఆల్ఫ్రెడ్ బ్యూకి

పెనుకొండకు చేరువనున్న ఎర్రమంచి గ్రామమున కియా సంస్థవారి మోటారుకార్ల కర్మాగారము కలదు. దాని నిమిత్తము 2017 వ సంవత్సరమున ప్రభుత్వముతో ఒడంబడిక జరిగెను. 2019 వ సంవత్సరము ఆగస్టు మాసమున సెల్టోసు అను కారు అచ్చటనుండి విపణికి వెలువడెను. నాటినుండి హిందూపురము, ధర్మవరము మొదలగు పట్టణముల బాలురకు టర్బో అను మాట నోట నానుచున్నది. సెలవుదినమున ఇంటి ముంగిట కారు నిలిపి, తుప్పుపట్టిన సైలెన్సరును విప్పి, క్రొత్తదానిని తామే బిగించుకొను ఉత్సాహవంతులును మన ప్రాంతమున లేకపోలేదు. అట్టివారిలో పెక్కురు ఎగ్జాస్టు గొట్టమనగా పొగను వెలుపలికి పంపు త్రోవ మాత్రమే యని తలంతురు. ఆ తలంపు సరికాదని లోకమునకు చూపిన యొక స్విట్జర్లాండు దేశీయుని చరిత్రమును మేము విద్యార్థుల కొరకును, వారి తల్లిదండ్రుల కొరకును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆల్ఫ్రెడ్ బ్యూకి 1879 వ సంవత్సరము జూలై 11 వ తేదీన వింటర్‌థూర్ పట్టణమున జన్మించెను. ఆ పట్టణము యంత్రములకు పుట్టినిల్లు వంటిది. అచ్చటి సుల్జరు సోదరుల కర్మాగారము యూరపు ఖండమంతట పేరుపొందినది. బాలుని తండ్రి యందు పై యుద్యోగిగా నుండెను. బ్యూకి పుట్టిన ఆ సంవత్సరముననే రుడాల్ఫ్ డీజిల్ అను యువకుడు పని నేర్చుకొనుటకై ఆ కర్మాగారమునకే వచ్చియుండెను. డీజిల్ ఇంజనుకు తన పేరిచ్చినవా డాతడే. ఆ ఇంజనుకు రెట్టింపు బలము నీయదగిన ఉపాయమును వెదకబోవు శిశువు అదే యూరిలో ఉయ్యెలలో నుండుట వింత గదా!

బాలుడు సుత్తుల మ్రోతల నడుమ పెరిగెను. 1899 వ సంవత్సరమున జూరిక్ నగరమందలి సాంకేతిక కళాశాలలో చేరి, 1903 లో యంత్రశాస్త్రమున పట్టము పొందెను. ఆ దినములలో స్టొడోలా అను ప్రసిద్ధాచార్యుడు ఆ కళాశాలలో ఆవిరి టర్బైనులను గూర్చి బోధించుచుండెను. పట్టము పొందిన పిదప బ్యూకి బెల్జియము, ఇంగ్లండు దేశములలో కొంతకాలము పనిచేసి, పరదేశపు ఇంజనుల మంచిచెడ్డలను కన్నులార చూచెను.

అతని మనస్సును పట్టుకొన్న ప్రశ్న యొక్కటే. ఇంజనులో కాలిన నూనెయొక్క వేడిమిలో సుమారు మూడవ వంతు పొగతో గూడ వెలుపలికి పోవుచున్నది. ఇంత బలము గాలిలో కలిసిపోవలసినదేనా? మన అనంతపురపు రైతు వేరుశెనగ గింజను తీసికొని పొట్టును పారవేయక, దానిని పొయ్యిలో కాల్చి పని గొనును గదా. ఇంజనువాడు మాత్రము పొట్టును బజారున పారబోయుచున్నాడు. ఇట్లుండగా మరియొక చిక్కు కలదు. సిలిండరులో ఎంత గాలి పట్టునో అంత నూనెయే చక్కగా కాలును. గాలిని నొక్కి నింపగలిగిన యెడల అదే ఇంజను ఎక్కువ నూనెను కాల్చి ఎక్కువ బలము నిచ్చును. 1885 లోనే డైమ్లరు మహాశయుడు గాలిని నొక్కు పంపునొకదానిని యోచించెను. కాని దానిని త్రిప్పుటకు ఇంజను తన బలములోనుండియే కూలి యీయవలసి యుండెను. బ్యూకి ఈ రెండు చిక్కులను ఒక్కచోట చేర్చి, ఒకదానితో మరియొకదానిని విప్పెను. పారవేయబడు పొగతోనే ఒక టర్బైను చక్రమును త్రిప్పవలెను. ఆ చక్రపు బలముతో గాలిని నొక్కు చక్రమును త్రిప్పవలెను. ఈ యుపాయమునకు 1905 వ సంవత్సరము నవంబరు 16 వ తేదీన జర్మను పేటెంటు పొందెను. అప్పటి కాతని వయస్సు ఇరువదియారేండ్లు.

యోచన కాగితముపై సులభముగా తిరిగెను. ఇనుముతో చేసినది తిరుగలేదు. బ్యూకి స్వదేశమునకు మరలి, సుల్జరు సంస్థలో డీజిల్ ఇంజనుల పరిశోధనమున ప్రవేశించి, ఏండ్లతరబడి ప్రయోగములు చేసెను. ఆనాటి లోహములు అంతటి వేడిమికి ఓర్వజాలకుండెను. గాలిని నొక్కు చక్రములు బలహీనములై యుండెను. తొలి యంత్రములలో గాలి యొత్తిడి నిలువలేదు. 1914 వ సంవత్సరమున మహాయుద్ధ మారంభమై లోకమును కల్లోలపరచెను. ఇట్టి స్థితిలో పెక్కురు తమ పనిని విడిచి సులభమైన త్రోవను వెదకుకొందురు. బ్యూకి విడువలేదు. 1924 లో బాడెన్ పట్టణమందలి బ్రౌన్ బోవరీ సంస్థవారు పెద్ద డీజిల్ ఇంజనునకు తగిన టర్బోఛార్జరును తయారుచేసి వింటర్‌థూరునకు పంపిరి. అయినను అసలు మర్మము చక్రములో లేదని బ్యూకి గ్రహించెను. అది గొట్టములలో నుండెను.

ఈ సంగతిని మేము కొంచెము విప్పి చెప్పెదము. సిలిండరు కవాటము తెరువబడగానే పొగ ఒక్క పెట్టున దుముకును, పిమ్మట నెమ్మదించును. అన్ని సిలిండరుల పొగను ఒకే వెడల్పు గొట్టములోనికి విడిచిన యెడల ఆ దుముకు అందులో చెదరిపోవును. అంతియ కాదు, ఒక సిలిండరునుండి వెడలిన పొగ, అప్పుడే శుభ్రపడుచున్న ప్రక్క సిలిండరులోనికి ఎదురు తన్నును. చెరువు తూమునుండి వచ్చు నీరు ఇరుకు కాలువలో వడిగా పారి, బయలున పడగానే చప్పబడుటను మన పిల్లలందరును చూచినవారే. బ్యూకి వెడల్పు గొట్టమును తీసివేసి, సన్నని గొట్టములను వేరువేరుగా అమర్చెను. ఏ సిలిండరుల దుముకులు ఒకదాని నొకటి అడ్డగింపవో వానిని మాత్రమే ఒక గొట్టమున చేర్చి, ఒక్కొక్క గొట్టమును టర్బైనునకు వేరు ద్వారమున తెచ్చెను. రెండు దుముకుల నడుమ ఒత్తిడి తగ్గినప్పుడు క్రొత్తగాలి సిలిండరును కడిగి శుభ్రపరచునట్లు కవాటముల వేళను సవరించెను. ఈ పద్ధతికి 1925 లో పేటెంటు పొందెను. ఇంజను బలము నూటికి నలువది పాళ్ళకు మించి హెచ్చెను. తొలి పేటెంటునకును ఈ జయమునకును నడుమ ఇరువదియేండ్లు గడచినవి.

1926 వ సంవత్సరమున బాల్టికు సముద్రమున తిరుగుటకై కట్టబడిన ప్రాయిసెన్, హాన్సెస్టాట్ డాన్‌ట్సిగ్ అను రెండు జర్మను ఓడలలో టర్బోఛార్జరులు గల పది సిలిండరుల ఇంజనులు నిలిపిరి. 1750 అశ్వశక్తుల ఇంజను 2500 అశ్వశక్తుల పని చేసెను. ఇంజను పెరుగలేదు; పోవు పొగయే పనికి వచ్చెను. పిమ్మట బ్యూకి తన పేరిట సిండికేటు నేర్పరచి, దేశదేశముల ఇంజనువారికి ఈ విద్యను అందజేసెను. 1938 లో స్విట్జర్లాండునందలి సౌరరు సంస్థ లారీలకు టర్బో ఇంజనును సిద్ధపరచెను. ఆ సంవత్సరముననే అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమువారు బ్యూకికి జాన్ స్కాట్ పతకము నిచ్చి గౌరవించిరి. ఆయన 1959 వ సంవత్సరము అక్టోబరు 27 వ తేదీన, తాను పుట్టిన వింటర్‌థూరులోనే ఎనుబదియవ యేట పరమపదించెను. ప్రజలు కొనుగోలు చేయు కార్లలో టర్బోఛార్జరు వచ్చుట ఆయన చూడలేదు. అది అమెరికాలో 1962 లో జరిగెను. నేడు పెనుకొండలో తయారగు కార్లలోను, రాజమార్గమున పోవు లారీలలోను తిరుగుచున్నది ఆయన యోచించిన చక్రమే.

ఇంటియొద్ద ఎగ్జాస్టు భాగములను మార్చుకొనువారికి ఈ చరిత్రము కేవలము కథ కాదు. ఇంజనునకును టర్బైనునకును నడుమనున్న గొట్టమున వెండ్రుకవాసి బీటయున్నను, చక్రమును త్రిప్పవలసిన బలము దానిగుండా పోవును. బండి మందగించును, నూనె వ్యర్థమగును. కావున మానిఫోల్డును విప్పినప్పుడు పాత ప్యాకింగును మరల వేయరాదు. క్రొత్తదానినే వేసి, కంపెనీ పుస్తకమున చెప్పిన బిగింపుతో వరుసగా బిగింపవలెను. పెట్రోలు ఇంజనులో ఆ భాగములు 900 డిగ్రీల వరకు కాగును. గావున ఇంజను పూర్తిగా చల్లారనిదే చేయి పెట్టరాదు. తుప్పుపట్టిన నట్లకు ముందునాడే నూనె పోసి నాననిచ్చిన స్టడ్డులు విరుగవు. చిన్న కార్ల టర్బైను నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగును. అందులో ఒక చిన్న వాషరు పడినను రెక్కలు తునిగిపోవును. కనుక విప్పిన ద్వారములను శుభ్రమైన గుడ్డతో మూసియుంచవలెను. బిగించుటకు ముందు ఆ గుడ్డను తీయుట మరువరాదు. జాకీని మాత్రమే నమ్ముకొని బండి క్రింద దూరరాదు. గట్టి స్టాండులపై నిలుపవలెను. మూసిన షెడ్డులో ఇంజనును నడుపరాదు. ఆ పొగలో వాసనలేని విషవాయువు కలదు, అది ప్రాణములు తీయును. మ్రోత కొరకు వెడల్పు గొట్టములు తగిలించువారు, ఇరుకు గొట్టములలోని మర్మమును తెలిసికొనుటకు ఒక పండితునకు ఇరువదియేండ్లు పట్టెనని జ్ఞాపకముంచుకొనవలెను. పొగను శుభ్రపరచు భాగమును తీసివేయుట చట్టవిరుద్ధము. పొరుగువారి యూపిరికిని హాని.

విద్యార్థులారా! ఇతరులు చెత్తయని విడిచిన దానిలో బ్యూకి బలమును చూచెను. చూచినంతమాత్రమున లోకమునకు మేలు కలుగలేదు. ఓటమి కలిగిన ప్రతిసారియు తప్పు ఏ భాగమున నున్నదో ఓపికతో వెదకుటవలన మేలు కలిగెను. పరీక్షలో ఒకసారి తప్పినవారును, నేర్చిన చేతిపనికి ఇంకను గౌరవము దొరకనివారును మీలో నుందురు. అట్టివారు ఇరువదియాఱవ యేట యోచించి నలువదియాఱవ యేట జయించిన ఈ మహాశయుని తలంచుకొనుడు. స్పానరు పట్టిన చేయి, పుస్తకము పట్టిన చేయి ఒక్కటే కావలెనని మా కోరిక. విప్పుట ఎవనికైనను వచ్చును. ఎందుకట్లు అమర్చిరో తెలిసి మరల బిగించినవాడే పనివాడు.