నాలుకకు శాస్త్రము వ్రాసిన ఇబ్న్ అల్ జజరీ

అరబ్బీ భాషలో హృదయమునకును కుక్కకును నడుమ గల దూరము ఒక్క హల్లు మాత్రమే. నాలుక మొదలు కొండనాలుక కడ అంగిలిని తాకగా పలికిన ఖల్బ్ హృదయము. కొంచెము ముందునకు జరిపి పలికిన కల్బ్ కుక్క. (ఇచట నేను వ్రాసిన ఖకారము సైతము సరియైనది కాదు. ఆ ధ్వనికి మన లిపిలో అక్షరము లేదు.) అచ్చుల సంగతియు నట్టిదే. నమాజులో ప్రతి రకాతునందును పఠింపవలసిన ఫాతిహా అధ్యాయమున, దేవుడు అనుగ్రహించినాడని చెప్పు క్రియకు చివర అకారముండును. అది ఉకారమైనచో అనుగ్రహించినవాడు దేవుడు గాక ప్రార్థించువాడే యగును. దినమునకు విధిగా 17 మారులు చదువు అధ్యాయమున ఇట్టి తప్పు దొరలినచో ఆ ప్రార్థన చెల్లునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో ఆయుర్దాయమంతయు వెచ్చించిన పండితులలో అగ్రగణ్యుడు షమ్సుద్దీన్ మహమ్మద్ ఇబ్న్ అల్ జజరీ.

ఆయన 1350వ సంవత్సరమున డమాస్కస్ నగరమున జన్మించెను. తండ్రి వర్తకుడు. చిరకాలము సంతానము లేక, మక్కాయాత్ర చేసి, జంజం తీర్థము త్రాగి, విద్వాంసుడగు పుత్రుని ప్రసాదింపుమని వేడుకొనెనని చరిత్రకారులు వ్రాసిరి. కుమారుడు 13 ఏండ్లకే ఖురానును కంఠస్థము చేసెను. మరుసటి యేడు నమాజుకు నాయకత్వము వహించెను. పిమ్మట కైరోకు పోయి అచటి గురువులకడ పఠనభేదములను నేర్చెను. ప్రసిద్ధ వ్యాఖ్యాత ఇబ్న్ కథీర్ తన మరణమునకు కొలదికాలము ముందు ఈ యువకునకు ధర్మనిర్ణయములు చెప్పు అనుమతి నొసగెను. డమాస్కస్‌లోని ఉమయ్యద్ మసీదులో ఆయన ఏండ్ల తరబడి శిష్యులకు పఠనము నేర్పెను. ఖురాను బోధించు పాఠశాల నొకదానిని సొంతముగా నెలకొల్పెను.

గురుముఖమున వినియే నేర్వవలయుననుట ఈ విద్యకు ప్రాణము. వేదాధ్యయన సంప్రదాయము నెరిగిన మనకు ఇది క్రొత్త సంగతి కాదు. మన శిక్షాశాస్త్రకారులు కంఠ్య తాలవ్యాది స్థానములను నిర్ణయించినట్లే అరబ్బీ పండితులును అక్షరముల పుట్టుకచోట్లను లెక్కించిరి. కొందరు 14 అనిరి. వైయాకరణి సీబవైహి 16 అనెను. ఆయన గురువైన ఖలీల్ మతము ననుసరించి ఇబ్న్ అల్ జజరీ 17 అని నిర్ణయించెను. నోటి లోపలి శూన్యస్థలము, కంఠము, నాలుక, పెదవులు, ముక్కు అను ఐదు ప్రదేశములలో ఆ పదునేడును ఇమిడియున్నవి. వీనిని, అక్షరముల గుణములను, విరామనియమములను కలిపి ఆయన నూటికి కొంచెము పైబడిన పద్యములలో ముఖద్దిమా అను చిన్న గ్రంథము రచించెను. బాలురు వల్లెవేయుటకు వ్రాసిన పుస్తకమది. ఆరు వందల యేండ్లు దాటినను నేటికిని బాలురు దానినే వల్లెవేయుచున్నారు.

అన్నిటను కఠినమైనది దాద్ అను అక్షరము. నాలుక ప్రక్కభాగము పై దవడపండ్లకు ఒరసికొనగా పుట్టు ధ్వని యది. ఒక్కొక్క జనము దానిని ఒక్కొక్క విధముగా పాడుచేయుచున్నదని ఆయన తన కాలముననే గుర్తించెను. మన నిత్యవ్యవహారమునందే దీనికి దృష్టాంతము కలదు. ఉపవాసమాసపు అరబ్బీ పేరులో ఉన్నది ఈ దాద్ అక్షరమే. పారసీకుల నోట అది ఊదునట్టి జకారమై, ఉర్దూ ద్వారా మనకు చేరునప్పటికి రంజాన్ అయినది.

ఉచ్చారణ నియమముల పాలనము విధి యనియు, పాటింపనివాడు దోషి యనియు ఆయన నిక్కచ్చిగా వ్రాసెను. ఇది పలువురకు కఠినముగా తోచినది, తోచుటయు న్యాయమే. అరబ్బీ మాతృభాష కాని కోట్ల జనుల గతి యేమి? అయితే ఆయనయే మరియొకచోట, నేర్వ యత్నించియు నాలుక తిరుగనివానిని, నేర్పువాడు లభింపనివానిని దోషులలో చేర్పలేదు. నిర్లక్ష్యము చేయువాని మీదనే ఆయన ఆగ్రహము. నోరు వంకరలు త్రిప్పి, దీర్ఘములను సాగదీసి చదువుటయే పాండిత్యమనుకొనువారిని ఆయన అంతకంటె ఎక్కువగా నిరసించెను. నాలుకకు సాధనయు, మంచి గురువు నోట విన్నదానిని మరల మరల పలుకుటయు తప్ప వేరు మార్గము లేదని ఆయన తీర్పు.

ఇట్టి ప్రశాంత విద్యకు అంకితుడైన వాని బ్రతుకున ప్రశాంతి మాత్రము లేకపోయెను. ఈజిప్టులో నొక అధికారితో లెక్కల విషయమున వివాదము పుట్టి, ఆస్తి జప్తు కాగా, ఆయన సముద్రమార్గమున ఆటోమన్ సుల్తాను బయజీద్ రాజధానియగు బుర్సాకు పారిపోయెను. పరదేశమున ఆశ్రితుడైయుండి, ఒక్క సంవత్సరములోపలనే తన మహాగ్రంథమగు అన్నష్ర్‌ను ముగించెను. పదవ శతాబ్దిలో ఇబ్న్ ముజాహిద్ ఏడుగురు పాఠకుల సంప్రదాయములను ప్రమాణముగా స్వీకరించియుండగా, ఈయన మరి మూడింటికి అట్టి ప్రతిష్ఠనే కల్పించి పదింటిని స్థిరపరచెను. గురుపరంపర, వ్రాతప్రతి, వ్యాకరణము అను మూడును అంగీకరించిన పాఠమే ఆయనకు పాఠము.

1402లో అంకారా యుద్ధమున బయజీద్ తైమూరునకు చిక్కెను. ఇబ్న్ అల్ జజరీయును తైమూరు చేతబడి సమర్‌ఖండునకు పోవలసి వచ్చెను. 1405లో తైమూరు మరణించిన పిదప హీరాత్, యజ్ద్, ఇస్ఫహాన్ నగరముల మీదుగా షీరాజునకు చేరగా, అచటి పాలకుడు న్యాయాధిపతిగా నియమించెను. అచటను ఒక ఖురాను పాఠశాల వెలసెను.

వార్ధక్యమున మరల హజ్ యాత్రకు బయలుదేరగా, నజ్ద్ ఎడారిలో ఎడారివాసులగు దొంగలు రాత్రివేళ పైబడి సర్వస్వము దోచుకొనిరి. ప్రాణము దక్కుటయే గగనమయ్యెను. ఆ యేటి హజ్ తప్పిపోయెను. ఉనైజా అను ఊర తలదాచుకొని, ఆ దినములలోనే, తాను స్థిరపరచిన మూడు పఠనములను గూర్చి అద్దుర్రా అను పద్యకృతి రచించెను. దోపిడి సంగతిని అందు చివర తానే చెప్పుకొనెను.

ఆయన కుమార్తె సల్మా తండ్రి పద్యగ్రంథములను కంఠస్థము చేసి, పది పఠనములను నేర్చిన విదుషి. పాఠకుల జీవితములను సంకలించిన తన గ్రంథమున ఆయన ఆమెకును చోటిచ్చెను. ఆమె పదింటి అధ్యయనమును పూర్తిచేసిన మరుసటి హిజ్రీ సంవత్సరముననే, 1429 డిసెంబరులో, ఆయన షీరాజున మరణించెను. తాను కట్టించిన పాఠశాలలోనే ఆయనను పూడ్చిరి. నేడు పఠనానుమతి పొందు పాఠకుని గురుపరంపర పైకి చదివినచో, ఏ దేశమువాడైనను, ఆ పట్టికలో సామాన్యముగా ఆయన పేరు కనబడును.